పెడల్ మెత్తగా ఉంది

నాటింగ్‌హామ్,
4 మార్చి 2024

చిరంజీవి నీలిమకు,

దీవెనలు ఉత్తరం చివర పెడతాను. ముందు తిట్లు చదువు.

మొన్న నేను మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశావు. సొంత మేనమామ ఫోన్! మళ్ళీ చేద్దామంటే మీ అత్తయ్య నా చేతిలోంచి లాక్కుంది. "మావా కోడళ్ళిద్దరూ ఇంకోసారి ఫోన్లో అరుచుకున్నారంటే నేను వార్డుకి నర్సుగా కాదు, పేషెంటుగా ఎళ్తాను. ఏం తిట్టుకోవాలన్నా కాయితం మీద తిట్టుకోండి. స్టాంపులు నేను కొనిస్తాను" అంది. నా బీపీ నూట డెబ్బై అట. అందుకే ఈ ఉత్తరం.

సెలూన్ కొన్నావని వినగానే మీ అత్తయ్య మంగలి షాపు అనుకుంది. "అంత మంచి ఉద్యోగం పెట్టుకుని దీనికిదేం పోయేకాలవండీ" అని కంగారు పడింది. డిక్కీ ఉన్న నాలుగు తలుపుల కారుని ఇక్కడ సెలూన్ అంటారని చెప్పాక ఆవిడ ఊపిరి పీల్చుకుంది. నేను పీల్చుకోలేదు. ఇరవై రెండేళ్ళ పాత కారు, పైగా టర్బో. కొనేముందు నన్నొక మాట అడగాలని తోచలేదా? కొన్నాక ఇప్పుడు బ్రేకులు చాలడం లేదంటావు. ఎవడో గ్యారేజీవాడు ఎర్ర రంగు కొట్టిన పెద్ద బ్రేకులు వేస్తానన్నాడని మురిసిపోతావు. రంగు ఆపుతుందా అమ్మడూ కారుని?

నేనెవరినో మరిచిపోయినట్టున్నావు. పద్నాలుగేళ్ళు ఈ ఊళ్ళో బస్సుల డిపోలో బ్రేకులు చూసినవాణ్ణి. సరిగ్గా లేని బండికి సంతకం పెట్టనని మేనేజరు మొహం మీద కాగితం కొట్టి బయటికొచ్చినవాణ్ణి. ఈ సంగతి మన చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు. నీ పెళ్ళిలో కూడా చెప్పుకున్నారు. అలాంటివాడు మేనమామగా ఉండగా నువ్వు యూట్యూబ్ చూసి గ్యారేజీ వెతుక్కుంటావా?

ఆ గ్యారేజీకి వెళ్ళావంటే నాతో మాట్లాడకు. నీ కారుకి సరిపోయే కాలిపర్లు, అంటే డిస్కుని రెండు పక్కలా నొక్కి పట్టుకునే ముక్కలు, నాలుగు పిస్టన్లవి ఒక జత నేను వెతుకుతాను. విప్పి, కడిగి, కొత్త సీళ్ళు వేసి పంపుతాను. అప్పటిదాకా కొండలెక్కకు.

దీవెనలు. భావనకు ముద్దులు. శ్రీకాంత్‌ని అడిగానని చెప్పు.

మావయ్య, సుబ్బరాజు


స్విండన్,
12 మార్చి 2024

మావయ్యకు,

నమస్కారం పెట్టే మొదలుపెడుతున్నాను. కోపం తగ్గిందని మాత్రం అనుకోకండి.

నా డబ్బుతో నేను కారు కొనుక్కుంటే ఊరందరికీ నేను వాళ్ళని అడగాలనే తోస్తుంది. అమ్మినాయన గంటసేపు శ్రీకాంత్‌కే ఇంజను గురించి చెప్పాడు. శ్రీకాంత్‌కి బానెట్ ఎలా తెరవాలో కూడా తెలియదు. అతను బిస్కెట్ తింటూ తల ఊపుతుంటే, ప్రశ్నలన్నీ నేను అడిగాను, జవాబులన్నీ అతనికి వెళ్ళాయి. గ్యారేజీలోనూ అంతే. "మీ హస్బెండ్‌కి రంగు ఏది ఇష్టం?" అని అడిగాడు. ఎర్ర రంగు నేను కోరలేదు మావయ్యా, నాకు కావలసింది ఆగడం. మీరూ వాళ్ళలాగే మాట్లాడితే ఇంకెవరికి చెప్పుకోవాలి?

ఎందుకు మారుస్తున్నానో మీరు అడగనే లేదు. గత నెల చెల్టెన్‌హామ్ వైపు కొండ దిగుతుంటే మూడో మలుపు దగ్గర మాడు వాసన వచ్చింది. నాలుగో మలుపులో పెడల్ ఎంత తొక్కినా కారు తన ఇష్టమొచ్చినప్పుడు ఆగింది. కింద పక్కకు తీసి అరగంట కూర్చున్నాను. ఆ కారుకి పరుగు ఎక్కువ ఇచ్చి ఆపడానికి తక్కువ ఇచ్చారు. అది నా తప్పు కాదు.

సరే, మీ కాలిపర్లే పంపండి. కానీ పంపడం ఎందుకు, మీరే రావచ్చుగా? నాటింగ్‌హామ్ నుంచి స్విండన్‌కి రెండున్నర గంటలు. ఈ ఇల్లు కొని నాలుగేళ్ళయింది, ఒక్కసారి గడప తొక్కలేదు. అత్తయ్య రెండుసార్లు వచ్చింది. ప్రతిసారీ మీకు ఏదో ఒకటి అడ్డం. ఒక శనివారం రండి, మీరు చెబుతుంటే నేను బిగిస్తాను, లేదా మీరు బిగిస్తుంటే నేను స్పానర్లు అందిస్తాను. ఈసారి రాకపోతే నేను మనసులో పెట్టుకుంటాను.

భావన మీ తిట్ల ఉత్తరం చూసి "హూ రైట్స్ లెటర్స్ ఎనీమోర్?" అంది. దాని ఆరేళ్ళకి ఇదే మొదటి ఉత్తరం. కవరు దాచుకుంది.

నీలిమ


నాటింగ్‌హామ్,
29 మార్చి 2024

నీలిమకు,

పార్సిల్ పంపాను. మన కిచెన్ టేబుల్ మీదే విప్పాను. మీ అత్తయ్య వారం రోజులు నిలబడి తిన్నది, నిలబడినంతసేపూ తిట్టింది. "మీకు అన్నం వద్దు, ఆ ఇనప ముక్కలే నాక్కోండి" అంది. ప్రతి పిస్టన్‌నీ వేలితో తోసి చూశాను, ప్రతి సీలునీ కళ్ళద్దాలు రెండు జతలు పెట్టుకుని చూశాను. కొత్తవి ఇంత బాగుండవు.

కొండ సంగతి ముందే చెప్పి ఉంటే అంత తిట్టేవాణ్ణి కాదు. ఆ కారు చేసినవాళ్ళను తిట్టేవాణ్ణి.

నేను రాలేను. మోకాళ్ళు. కారు పక్కన కూర్చుంటే లేవలేను. మళ్ళీ అడగకు.

నువ్వే బిగించు. చేతకాకపోవడానికేముంది? ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకో. కారు జాకీ మీద ఉంచి పని చేయకు, స్టాండ్లు వేయి. ప్యాడ్లకు, డిస్కులకు చేతి జిడ్డు అంటనివ్వకు. బ్రేకులు మార్చావని ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పు, ఈ దేశంలో చెప్పకపోతే అసలుకే మోసం. పైపు విప్పాక లోపల గాలి చేరుతుంది, అది మొత్తం పోయేదాకా బ్రేక్ ఆయిల్ పోస్తూ, స్క్రూ వదులు చేస్తూ, పెడల్ తొక్కిస్తూ ఉండాలి. కాలిపర్లు రెండింటికీ చీటీలు కట్టాను, చూసి బిగించు.

చివరి మాట, ఇది అన్నిటికంటే పెద్దది. అంతా అయ్యాక పెడల్ తొక్కి చూడు. ఇటుక మీద కాలు పెట్టినంత గట్టిగా ఉండాలి. ఏమాత్రం మెత్తగా ఉన్నా కారు గేటు దాటకూడదు. ఎవరు తొందరపెట్టినా సరే, ఎంత చిన్న పనైనా సరే. ఈ ఒక్క విషయంలో నా మాట వినకపోతే నేను క్షమించను.

దీవెనలు.

మావయ్య


స్విండన్,
21 ఏప్రిల్ 2024

మావయ్యకు,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి. అనుకున్నా ఫరవాలేదు.

మీ బ్రేకులు పని చేయలేదు. నిన్న పొద్దున తొమ్మిదిన్నరకు, మా ఊరి మ్యాజిక్ రౌండబౌట్ దగ్గర, ఒక పెద్ద రౌండబౌట్ చుట్టూ ఐదు చిన్నవి ఉండే చోట, కార్లన్నీ ఐదు వైపుల నుంచీ వస్తుంటే నేను బ్రేకు తొక్కాను. పెడల్ నేలకు అంటుకుంది. మళ్ళీ తొక్కాను. మళ్ళీ నేలకే. హ్యాండ్‌బ్రేక్ లాగితే కారు అడ్డం తిరిగి, అంచు ఎక్కి, వెలిగే బొలార్డు స్తంభాన్ని విరగ్గొట్టి గడ్డిలో ఆగింది. ఒక వ్యానువాడు దిగి, నన్ను ఏమన్నాడో మీకు రాయలేను. నేను ఒక్కదాన్నే ఉన్నాను, దెబ్బలేమీ తగల్లేదు. ముందు చక్రం వంగింది, బంపరు పోయింది.

మీరు చెప్పినట్టే చేశాను మావయ్యా. స్టాండ్లు వేశాను. జిడ్డు అంటనివ్వలేదు. ఇన్సూరెన్స్‌కి చెప్పాను. గాలి తీయడానికి శ్రీకాంత్‌ని కూర్చోబెట్టి రెండు ఆదివారాలు తొక్కించాను. మూడు సీసాల బ్రేక్ ఆయిల్ పోశాను. అయినా ఇలా జరిగిందంటే తప్పెక్కడుంది? కొత్తవాటికంటే బాగున్నాయన్నారు. ప్రతి సీలునీ చూశానన్నారు. పద్నాలుగేళ్ళ అనుభవం అన్నారు. పోనీ వచ్చి ఒక్కసారి కళ్ళతో చూసుకోమన్నాను, అదీ చేయలేదు. మోకాళ్ళు! అరవై మూడేళ్ళ మనిషి రైలెక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, "అలా కాదే" అనడానికి మోకాళ్ళెందుకు?

శ్రీకాంత్ కారు అమ్మేయమంటున్నాడు. "మీ మావయ్య మీద నమ్మకంతో ప్రాణాలు తీసుకుంటావా?" అని అడిగాడు. ఫ్యామిలీ గ్రూపులో అమ్మ అడిగితే "మావయ్య పంపిన బ్రేకులు ఫెయిల్ అయ్యాయి" అని పెట్టాను. ఉన్నదే కదా.

నీలిమ


నాటింగ్‌హామ్,
25 ఏప్రిల్ 2024

నీలిమకు,

నీకేమీ కాలేదు, అది చాలు.

తప్పు నాదే. సీళ్ళలో ఏదో నా కంటికి ఆనలేదు. నా చేతి పని మీద నేను పెట్టుకున్న నమ్మకం తప్పు. శ్రీకాంత్‌కి నా తరఫున క్షమాపణ చెప్పు. గ్రూపులో నువ్వు రాసింది నిజమే, ఎవరు ఏమన్నా నేను జవాబివ్వను. కారు అమ్మేయండి.

ఇక బ్రేకుల జోలికి వెళ్ళను. సామాను తీసేస్తున్నాను.

సుబ్బరాజు

నీలూ, అడుగున ఉన్న చోటులో నేను రాస్తున్నాను, అత్తయ్యని. ఏం రాశావే ఆయనకి? టూల్‌బాక్స్ పట్టుకెళ్ళి గేటు బయట గోడ మీద పెట్టి "ప్లీజ్ టేక్" అని అట్టముక్క మీద రాసి పెట్టారు. తణుకు లారీ షెడ్డు నుంచి తెచ్చుకున్న స్పానర్లతో సహా. ఇక్కడివాళ్ళు పాత కుర్చీలు పెట్టినట్టు పెట్టారు. నేను వెళ్ళి లోపలికి తెచ్చాను, మళ్ళీ పెట్టారు, మళ్ళీ తెచ్చాను. తిట్టడం లేదు, అరవడం లేదు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఈయన నోరు మూసుకుని రెండు రోజులు కూర్చోవడం నేను చూడలేదు. నీకు చక్రం వంగితే అంత పెద్ద మాటలనాలా? నాకు నీ మీద చాలా కోపంగా ఉంది.


స్విండన్,
2 మే 2024

మావయ్యా,

ఈ ఉత్తరం నిలబడి చదవకండి. కూర్చోండి. అత్తయ్యని కూడా పిలవండి.

కారు అమ్మేముందు చక్రం సరిచేయించడానికి ఇక్కడొక చిన్న గ్యారేజీకి పంపాను. దాని యజమాని మీ వయసాయన. చక్రం విప్పి, లోపలికి చూసి, నన్ను పిలిచి, నవ్వాపుకోలేక గోడకి ఆనుకున్నాడు. "ఎవరు బిగించారమ్మా ఇవి?" అన్నాడు. నేనే అన్నాను. కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ బిగించాను మావయ్యా. గాలి తీసే స్క్రూలు పైకి ఉండాల్సినవి కిందికి ఉన్నాయి. గాలి పైన కూర్చుంది, నేను మూడు సీసాల ఆయిల్ కింద నుంచి కారబోశాను. పెద్దాయన అక్కడికక్కడే అటువి ఇటు మార్చి, గాలి తీసి, నన్ను పెడల్ తొక్కమన్నాడు. ఇటుక. అచ్చంగా ఇటుక. "ఈ కాలిపర్లు బాగుచేసినాయన ఎవరో గానీ, ఇంత శుభ్రమైన పని చూసి చాలా ఏళ్ళయింది" అన్నాడు.

ఇప్పుడు మీ చీటీల సంగతికి వద్దాం. ఒకదాని మీద "డ్రై" అని, ఇంకోదాని మీద "క్లీ" అని రాశారు. నేనేమనుకోవాలి? ఒకటి డ్రైగా ఉంది, ఇంకోటి క్లీన్‌గా ఉంది అనుకున్నాను! డ్రైగా ఉన్నదానికి కాస్త ఆయిల్ కూడా రాశాను. శ్రీకాంత్ అయితే మావయ్య డ్రైక్లీనింగ్ చేయించాడన్నాడు. అమ్మకి ఫోన్ చేసి అడిగితే విరగబడి నవ్వింది. డ్రైవర్ సైడు, క్లీనర్ సైడు అట. లారీ ఎక్కని నాకు ఎడమ పక్క క్లీనర్ కూర్చుంటాడని ఎవరు చెప్పారు? నా కారుకి క్లీనర్ లేడు మావయ్యా! కుడి, ఎడమ అని రెండు మాటలు రాస్తే మీ సొమ్మేం పోయేది?

కానీ చీటీ మీద నెట్టేసి తప్పించుకోను. పెడల్ మెత్తగా ఉందని నాకు తెలుసు. మీరు గేటు దాటొద్దన్నారు, నేను దాటాను. రెండో ఆదివారానికి కాస్త గట్టిపడింది, నడిపితే సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఆలస్యమవుతోంది, భావనకి స్విమ్మింగ్ క్లాసు ఉంది.

అవును. భావన వెనక సీట్లో ఉంది. మీకు అబద్ధం రాశాను. ఒక్క గీత కూడా పడలేదు, "మమ్, కెన్ వి నాట్ డు దట్ అగెయిన్?" అని మాత్రం అంది. ఆ మాట నాకు రోజూ వినిపిస్తోంది. కూతుర్ని ఎక్కించుకుని మెత్తటి పెడల్‌తో బయల్దేరింది నేను. ఆ నేరం మోయలేక మీ నెత్తిన పెట్టాను. గ్రూపులో ఇవాళ రాశాను, తప్పు నాదని, మావయ్య పని బాగుందని ఒకటికి రెండుసార్లు. అమ్మ, చిన్నత్త, అందరూ చూశారు. శ్రీకాంత్ నాతో మాట్లాడడం లేదు, మాట్లాడకపోవడమే న్యాయం.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడడం లేదు. మీరెందుకు ఒప్పుకున్నారు? ఫోన్లో సగం మాటకే ఇల్లెగిరిపోయేలా అరిచే మనిషి, చేతి పని మీద మాట పడితే ఊరుకోని మనిషి, స్క్రూ ఎటు ఉందే అని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా తప్పు నాదే అని ఎలా రాశారు? నన్ను తిట్టాలి కదా! నాకు ఆ ఉత్తరం చదివితే ఏడుపు కాదు, ఒళ్ళు మండింది. చేయని తప్పు ఒప్పుకోవడానికి మీకేం పట్టింది?

మీ నీలిమ


నాటింగ్‌హామ్,
9 మే 2024

నీలిమకు,

ముందు తిట్టాల్సింది తిడతాను. బుద్ధుందా నీకు? చదువుకున్నావు, రోజంతా కంప్యూటర్లో తప్పులు పట్టడమే నీ ఉద్యోగం, కాలి కింద తప్పు కనపడితే పసిపిల్లని ఎక్కించుకుని బయల్దేరతావా? స్విమ్మింగ్ క్లాసు! గాలి పైకి పోతుందని కూడా నేను ఉత్తరంలో రాయాలా? చీటీ అర్థం కాకపోతే ఫోన్ చేయవా? నేను అరుస్తాననా? అరిస్తే చచ్చిపోతావా?

తిట్టడం అయింది. ఎందుకు ఒప్పుకున్నానని అడిగావు. రాస్తాను. ఇది మీ అత్తయ్యకి తెలియదు. ఈ కవరు నేనే పోస్టు చేస్తున్నాను.

నేను సంతకం పెట్టనని ఉద్యోగం మానలేదు. సంతకం పెట్టి మానాను.

2016లో. ముసలివాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళే మినీబస్సులు కొన్ని మా డిపోలో ఉండేవి. ఒకదానికి ముందు రోజు నేనే బ్రేకు పైపు మార్చి గాలి తీశాను. పొద్దున ఇంకోసారి పెడల్ తొక్కి చూశాకే సంతకం పెట్టాలనుకున్నాను. ఆ పొద్దున ఇద్దరు ఫిట్టర్లు రాలేదు, డ్యూటీల రోటా అంతా తారుమారు. మేనేజరు కాగితం నా ముందు పెట్టి "సైన్ ఇట్, సబ్బీ" అన్నాడు. అక్కడ అందరూ నన్ను సబ్బీ అనేవారు. తొక్కకుండానే పెట్టాను.

ఆ బస్సు నడిపినాయన పేరు డెరిక్. ఇరవై ఏళ్ళు ఒక్క మచ్చ లేదు. పది నిమిషాల్లో బస్సు వెళ్ళి ఆగి ఉన్న వ్యానుని గుద్దింది. లోపలున్న పెద్దావిడకి తుంటి ఎముక విరిగింది. విచారణలో ఆయన ఒకే మాట చెప్పాడు. బ్రేకు తొక్కాను, పెడల్ నేలకు అంటుకుంది అన్నాడు. ఎవరూ నమ్మలేదు. "సబ్బీ సంతకం పెట్టాడంటే ఆ బ్రేకు బాగున్నట్టే" అని మేనేజరే చెప్పాడు. నా మంచి పేరే ఆయన్ని ముంచింది. ఆ బస్సుని పరీక్షించి చెప్పమని నాకే ఇచ్చారు. పైపులో గాలి ఉంది. నేను ఆ గాలి తీసేసి, లోపమేమీ లేదని రాశాను. డెరిక్ ఎటో చూస్తూ నడిపాడని, అసలు బ్రేకు తొక్కనే లేదని తేల్చి పంపించేశారు. నేను మూడు నెలలు ఆగి మానేశాను. ఇంట్లో ఏదో ఒకటి చెప్పాలి కదా. చెప్పింది అందరికీ నచ్చింది, ఒకరికొకరు చెప్పుకున్నారు, నేను ఆపలేదు.

అప్పటి నుంచీ మనుషులెక్కే బండికి బ్రేకు బిగించలేదు. మోకాళ్ళకేమీ కాలేదు. టేబుల్ మీద ముక్కలు విప్పి కలపడం వేరు, బండికి బిగించి ఇక వెళ్ళు అనడం వేరు. నువ్వు "పెడల్ నేలకు అంటుకుంది" అని రాస్తే నాకు స్క్రూలూ చీటీలూ తోచలేదు. అది డెరిక్ మాట. ఎనిమిదేళ్ళుగా ఎప్పుడో ఒకప్పుడు వస్తుందనుకున్న ఉత్తరమే వచ్చిందనుకున్నాను.

ఇప్పుడు చెప్పేశాను. మనసు కొంచెం తేలికపడింది.

మావయ్య


స్విండన్,
14 మే 2024

మావయ్యకు,

మీ ఉత్తరం తప్పు ఇంటికి వచ్చింది.

నాకు చెప్పి మనసు తేలిక చేసుకున్నారా? నేనెవరిని? నా ఉద్యోగం పోలేదు. నన్నెవరూ అబద్ధాలకోరు అనలేదు. ఎనిమిదేళ్ళుగా ఒకాయన నిజం చెప్పి కూడా నోరు మూసుకుని ఉన్నాడు, మీరు అబద్ధం చెప్పి పెళ్ళిళ్ళలో మెచ్చుకోలు పుచ్చుకున్నారు. నా పెళ్ళిలో! నేను మా ఆఫీసులో కూడా ఈ కథ చెప్పాను మావయ్యా. సాఫ్ట్‌వేర్ రిలీజ్ బాగాలేదని తెలిసీ సంతకం పెట్టమని మా మేనేజరు అడిగితే, మా మావయ్య ఇలా చేశాడు అని గొప్పగా చెప్పి ఎదురు తిరిగాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే సిగ్గేస్తోంది.

నాకు మీరంటే ప్రేమ లేక కాదు ఇది రాయడం. ఉంది కనుకే ఇంత మండుతోంది.

మీ తప్పు కాదని గ్రూపులో రాయడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ చచ్చిపోవాలనిపించింది, రాసేశాను, చావలేదు. మీకు ఎనిమిదేళ్ళు సరిపోలేదా? ముందు అత్తయ్యకి చెప్పండి. తర్వాత డెరిక్‌కి రాయండి, మీ చేత్తో, మీ సంతకంతో. ఆయన ఆ కాగితాన్ని కంపెనీకి చూపిస్తాడో, కోర్టుకి తీసుకెళ్తాడో, చించేస్తాడో అది ఆయన ఇష్టం.

అప్పటిదాకా నాకు ఉత్తరాలు వద్దు. దీవెనలు కూడా వద్దు.

నీలిమ


నాటింగ్‌హామ్,
20 మే 2024

నీలిమకు,

దీవెనలు పెట్టడం లేదు. నువ్వు అడిగినప్పుడు పెడతాను.

మీ అత్తయ్యకి చెప్పాను. గిన్నెలు కడుగుతోంది, కడగడం ఆపలేదు. రెండు రోజులు వేరే గదిలో పడుకుంది. అన్నం మాత్రం పెట్టింది. మూడో రోజు పొద్దున "ఆయన ఇల్లెక్కడ?" అని అడిగింది.

ఇల్లు నాకు తెలుసు. మా ఇంటి నుంచి బస్సులో నాలుగు స్టాపులు. ఎనిమిదేళ్ళుగా ఆ బస్సు ఎక్కకుండా చుట్టూ తిరిగి టౌనుకి వెళ్తున్నాను.

ఇంగ్లీషులో ఆరు వాక్యాలు రాశాను. రెండు రోజులు పట్టింది. పెడల్ తొక్కకుండా సంతకం పెట్టానని, తర్వాత పైపులో గాలి చూశానని, దాన్ని తీసేసి లేదని రాశానని, ఈ కాగితం ఎవరికి చూపించినా అడ్డు చెప్పనని రాశాను. క్షమించమని రాయబోతే మీ అత్తయ్య అడ్డుకుంది. "అది మళ్ళీ మీరు ఆయన్ని అడుక్కోడవే. ఇచ్చేది ఇచ్చి రండి" అంది. ఆ వాక్యం కొట్టేశాను.

పోస్టులో వేయలేదు. నిన్న ఆదివారం పదకొండింటికి నేనే పట్టుకెళ్ళాను. గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాను, పక్కింటావిడ కిటికీలోంచి చూడడం మొదలుపెట్టాక బెల్ కొట్టాను.

తలుపు ఆయనే తీశాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను గుర్తుపట్టాడు. కాగితం ఇచ్చాను. గుమ్మంలోనే నిలబడి చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తిడతాడని, కొడతాడని, మొహం మీద తలుపు వేస్తాడని, అన్నిటికీ సిద్ధపడే వెళ్ళాను. నా వైపు అసలు చూడలేదు. లోపలికి తిరిగి భార్యని పిలిచాడు.

"జీన్, ఇలా రా. ఇది చదువు. నేను బ్రేకు తొక్కాను" అన్నాడు.

సుబ్బరాజు